అద్దె గదుల పిల్లల బడి

మా బడి అంటే ఆ గల్లీవాళ్ళకి ప్రాణం. ఈ మాట వెటకారానికి అనడం లేదు, నిజంగానే ప్రాణం. ఎవరింట్లో పెళ్ళయినా వంటలు మా బడి ఆవరణలోనే. ఎవరైనా పోతే దినం భోజనాలు మా వరండాలోనే. ధూల్‌పేట నుంచి వినాయకుణ్ణి నాలుగు రోజులు ముందే తెచ్చుకుంటే, మండపం కట్టేదాకా ఆయన మా మూడో తరగతి గదిలో గోనెపట్టా కప్పుకుని కూర్చునేవాడు. ఓట్లు వచ్చినా అక్కడే, పోలియో చుక్కలు వచ్చినా అక్కడే. లాల్‌దర్వాజా గుడికి పోయే దారిలోంచి పక్కకి తిరిగితే, ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిన గల్లీ అది. అందులో అంత ఖాళీ జాగా ఇంకెక్కడుంది? "మా తాతలు చదివిన బడి టీచరమ్మా, దీనికేమన్న అయితే ఊకుంటమా" అని ప్రతి ఒక్కరూ అనేవాళ్ళు. అని, పొద్దున్నే తమ పిల్లలకి టై కట్టి, సాక్సులు తొడిగి, వ్యాన్ ఎక్కించి ఇంకో బడికి పంపేవాళ్ళు.

నాకు నోరు కొంచెం ఎక్కువే. "బడి మీద ఇంత ప్రేమున్నది, మరి ఒక్క పోరన్నన్న పంపరాదే అన్నా" అని మొహం మీదే అడిగేదాన్ని. నవ్వేవాళ్ళు. మొదట్లో ఇంగ్లిష్ మీడియం లేదు కదా అన్నారు. సర్కారు మాకూ ఇంగ్లిష్ మీడియం ఇచ్చింది. అప్పుడు వ్యాన్ లేదు కదా అన్నారు. ఎదురింటికి వ్యాన్ ఎందుకయ్యా అంటే మళ్ళీ నవ్వు. అసలు సంగతి వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగక్కర్లేదు, కళ్ళకి కనిపించేదే. మా బడిలో చదివేది వాళ్ళ గదుల్లో అద్దెకుండేవాళ్ళ పిల్లలు.

నేను ఆ బడికి వచ్చిన కొత్తలో ఇలా లేదు. పాలవాళ్ళ పిల్లలు, గాజుల దుకాణం వాళ్ళ పిల్లలు, వెనక గల్లీలో జరీ పని చేసే ముస్లిం ఇళ్ళ పిల్లలు, అందరూ ఒకే బెంచీ మీద కొట్టుకునేవాళ్ళు. నాలుగు గదులూ నిండి, ఒకటో తరగతి వరండాలో కూర్చునేది. తరవాత ఒక్కొక్కరే పోయారు. దుకాణం కాస్త నడిచిన ఇంట్లోంచి మొదట మగపిల్లవాడు ప్రైవేటుకి పోయేవాడు, ఏడాదికో రెండేళ్ళకో ఆడపిల్ల. బర్రెల్ని ఊరవతలికి తరలించమన్నప్పుడు పాలవాళ్ళు కొట్టాలు ఖాళీ చేసి, రేకులు మార్చి, వరసగా గదులు కట్టించారు. ఆ గదుల్లోకి పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు దిగారు. అడ్డా మీద నిలబడే కూలీలు, రోడ్లు ఊడ్చేవాళ్ళు, ఇళ్ళల్లో గిన్నెలు తోమేవాళ్ళు. నా బడి వాళ్ళ పిల్లలతో మళ్ళీ కొంచెం నిండింది. నేను చెప్పే రోజులకి మొత్తం ఇరవై ఇద్దరు. ఒకరిద్దరు తప్ప అందరూ ఏదో ఒక అద్దె గది పిల్లలే. టీచర్ని నేనొక్కదాన్నే, హెడ్‌మాస్టర్నీ నేనే, గంట కొట్టేదీ నేనే. నాతోపాటు మధ్యాహ్నం వంట చేసే ఒక ముస్లిం ఆమె, పిన్ని అన్నట్టుగా అందరం ఖాలా అని పిలిచేవాళ్ళం. బహదూర్‌పురా నుంచి రెండు ఆటోలు మారి వచ్చేది.

ఆ పిల్లల్లో నాలుగో తరగతి పిల్ల ఒకతి ఉండేది. గల్లీలో అందరికంటే పెద్ద ఇల్లు ఒక పాలవ్యాపారిది, నేను పాలాయన అనేదాన్ని. ఆయన ఇంటి వెనక, ఒకప్పుడు బర్రెలు కట్టేసిన చోట ఐదు గదులు. చివరి గదిలో ఈ పిల్ల, వాళ్ళమ్మ, మూడేళ్ళు నిండని తమ్ముడు. తండ్రి సంగతి వాళ్ళు చెప్పలేదు. తల్లి పాలాయన ఇంట్లోనే పని చేసేది, ఇంకో మూడిళ్ళల్లో కూడా. కాబట్టి తమ్ముడు అక్క చంకనెక్కి బడికి వచ్చేవాడు. అంగన్‌వాడీలో అడిగితే మూడేళ్ళు నిండాలన్నారు. నా క్లాసులో మూలన గోనెసంచి పరిచి కూర్చోబెడితే, పలక నాకుతూ, బలపం తింటూ, చివరికి నిద్రపోయేవాడు. ఖాలా వాడికి పప్పన్నం మెత్తగా పిసికి పెట్టేది. "టీచరమ్మా, వీడి పేరు గూడ రాసెయ్, ఒకడు పెరుగుతడు" అనేది.

పిల్ల మాత్రం చదువుకి పుట్టింది. గట్టిగా చదివేది. పాఠం అయిపోతే తమ్ముడి బిస్కెట్ ప్యాకెట్ మీద ఉన్నది చదివేది, ఖాలా నూనె డబ్బా మీద ఉన్నది చదివేది, గోడ మీద డాక్టరు ప్రకటనలు కూడా గడగడా చదివేస్తే నేనే నోరు మూయించాల్సి వచ్చేది. ఐదో తరగతి నుంచి ఆడపిల్లల గురుకులంలో సీటుకి నాలుగో తరగతిలో ఉండగా పరీక్ష రాయాలి. అక్కడ చేరితే ఉండటం, తినడం, చదువు, అన్నీ అక్కడే. ఇంటర్ దాకా ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. దానికి సీటు వస్తుందని నాకు అనుమానమే లేదు. రోజూ సాయంత్రం అరగంట ఆపి లెక్కలు చేయించేదాన్ని. ఒక్క ఏడాది ఈ పిల్ల బడిలో ఉండాలి, పరీక్ష దాకా ఉండాలి. నేను కోరుకున్నదల్లా అదే.

బడి తెరిచిన కొద్ది రోజులకే కబురు వచ్చింది. పిల్లలు తక్కువున్న బడుల్ని పక్క బడిలో కలిపేస్తారట, ఆషాఢంలో ఒక ఆఫీసరు వచ్చి ఎంతమంది ఉన్నారో కళ్ళతో చూసి రాసుకుపోతాడట. పేర్లు ఎన్ని రాసినా లాభం లేదు. పిల్లల ముఖం ఫోన్‌తో చూపించి హాజరు వేసే యాప్ వచ్చాక దొంగ లెక్కలకి తావు లేదు, అదీ బడి ఆవరణలో నిలబడితేనే టిక్కు పెడుతుంది. ఇరవై రెండు ముఖాలు నా ఫోన్‌కి తెలుసు. ఆ ఇరవై రెండూ ఆ రోజు కనిపిస్తే బడి ఉంటుంది.

వచ్చేది శుక్రవారం అన్నారు. అది బోనాల ముందు శుక్రవారం.

లాల్‌దర్వాజాలో బోనాలంటే ఏమిటో బయటివాళ్ళకి ఊరేగింపే తెలుసు. ఇళ్ళల్లో సంగతి వేరు. పెళ్ళయిన ఆడబిడ్డలు పిల్లాపాపలతో పుట్టింటికి వస్తారు. అల్లుళ్ళు, వాళ్ళ అన్నదమ్ములు, వాళ్ళ దోస్తులు. ఒక్కో ఇంట్లో ఇరవై ముప్పై మంది పడుకోవాలి. అప్పుడు అద్దెకున్నవాళ్ళతో, ఓ పది రోజులు మీ ఊరు పోయి రండి అంటారు. ఇది తగాదా పెట్టి ఖాళీ చేయించడం కాదు, ఆ గల్లీ ఆనవాయితీ. ఆ రోజులకి అద్దె పట్టరు, పోయేటప్పుడు చేతిలో చీరో, బియ్యమో పెడతారు. పాలమూరువాళ్ళకీ అది విత్తనాలు వేసే కాలం, సంతోషంగానే పోతారు. ప్రతి ఏడూ ఆ వారం నా బడి సగం ఖాళీ. ప్రతి ఏడూ ఎవరూ అడగలేదు.

అందుకే ముందుగానే పాలాయన దగ్గరికి పోయాను. గల్లీలో నలుగురైదుగురు పెద్దమనుషుల్ని కూడా పిలిపించాడు. సంగతి చెప్పాను.

"ఈ ఒక్కసారి శుక్రారం దాక గదులోళ్ళను కదలనియ్యొద్దన్నా. శనివారం పంపుకోండి, నేనే బస్సెక్కిస్త."

"గంతేనా? ఏం ఫికర్ చెయ్యకు టీచరమ్మా" అన్నాడు పాలాయన. "మా బడిని ఎట్ల తీస్కపోతరో చూస్త. మా ఇంటి కిరాయోళ్ళను ఒక్కల్ని గూడ కదలనియ్య."

అందరూ తలలూపారు. చాయ్ తాగాం. ఒకాయన బడికి సున్నం తనే కొట్టిస్తానన్నాడు, అన్నట్టుగానే రెండు రోజుల్లో కొట్టించాడు కూడా. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటూ వచ్చాను. మగవాళ్ళు మాటిచ్చారు. గదులు ఎవరి చేతిలో ఉంటాయో మాత్రం నాకు తట్టలేదు.

సోమవారం పందొమ్మిది మంది వచ్చారు. మంగళవారం పదిహేను. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. బుధవారం పదకొండు.

"క్యా టీచరమ్మా, పప్పు మస్తు మిగిలింది" అంది ఖాలా గిన్నె చూపిస్తూ. "పిల్లలేడికి పోయిన్రు?"

క్లాసు ఆమెకి అప్పజెప్పి గల్లీలోకి నడిచాను. మొదటి ఇంటి ముందు రెండు కార్లు. లోపల ఆడబిడ్డ దిగింది, చంకలో పిల్ల, చేతిలో సూట్‌కేసు. వెనక గదిలో నా రెండో తరగతి పిల్లలుండే చోట కొత్త పరుపులు పరుస్తున్నారు. "మా బిడ్డకు లీవు ముందే దొరికింది టీచర్" అంది ఇంటామె. "మా ఇంట్ల ఇద్దరే గద, మిగిలినోళ్ళున్నరు గద అనుకున్నం." రెండో ఇంట్లో కూడా అదే మాట. మా ఇంట్ల ముగ్గురే గద. మూడో ఇంట్లో ఒక్కడే గద. ఎవరికి వాళ్ళు తమ పిల్లలు లెక్కలోకి రారనీ, పక్కింటివాళ్ళ గదుల్లో బడి నిండా పిల్లలున్నారనీ అనుకున్నారు. ఆ పక్కింటివాళ్ళూ అలాగే అనుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఎవర్ని తిట్టాలి? ఒక్కరిలో కూడా చెడ్డ బుద్ధి లేదు. చెడ్డ బుద్ధి ఉంటే నా నోటికి పని దొరికేది.

చివరికి పాలాయన ఇంటికి పోయాను. ఐదు గదుల ముందూ తాడు కట్టి దుప్పట్లు ఆరేశారు. పాలాయన భార్య పసుపు కలుపుతోంది.

"అక్కా, అన్న మాటిచ్చిండు గదా."

"ఆయన మాటిస్తడు టీచరమ్మా, ఆయనదేంబోయింది" అంది ఆమె, కోపంగా కాదు, మామూలుగానే. "అల్లుని అన్నదమ్ములను ఏడ పండవెట్టాలె? ఆయన నెత్తి మీదనా? నేనేమన్న కొట్టి పంపిన్నా, చీరలిచ్చి మంచిగనే పంపిన."

ఆ మాట కూడా నిజమే.

పాలాయన ఐదు గదుల్లో ఒక్క గదివాళ్ళు మాత్రం ఊరికి పోలేదు. నాలుగో తరగతి పిల్లా, వాళ్ళమ్మా. ఊళ్ళో వాళ్ళకి విత్తనం వేసుకోవడానికి జాగా లేదు, పైగా బోనాలకి గిన్నెలు తోమే మనిషి కావాలి. గది ఖాళీ చేసి, సామానంతా రెండు గోనెసంచుల్లో కట్టుకుని మా బడి వరండాలో దిగారు. నేనే ఉండమన్నాను. గురువారం పొద్దున నేను పోయేసరికి పిల్ల వరండా కడిగి, ముగ్గేసి, తమ్ముడికి మొహం కడుగుతోంది.

"టీచర్, ఇప్పుడు మేం బడిలనే ఉంటున్నం. నాకు రోజంత హాజరే" అంది.

నవ్వాను. ఆ రోజంతా ఫోన్లు చేశాను. నంబర్లు పనిచేసినవాళ్ళు పొలాల్లో ఉన్నారు. ఒకాయన పాపం, "రేపటిదాక ఎట్లొస్తం మేడం, వానలు పడ్డయ్, నాలుగు రోజులైతే వస్తం" అన్నాడు. ఆఫీసుకి ఫోన్ చేసి సోమవారం తరవాత రమ్మని బతిమాలాను. అన్ని బడులకీ ఇదే వారం అన్నారు. ఎంత అరిచినా ఆ అరుపు ఎవరికీ తగలదే, ఆ రోజు నా పరిస్థితి అది.

పాలాయనకి ఊరవతల బర్రెల దగ్గర్నుంచి ఇంటికొచ్చాక సంగతి తెలిసింది. సిగ్గుపడ్డాడు. భార్య మీద లొల్లి చేశాడని ఖాలా చెప్పింది. రాత్రికి నాకు ఫోన్ చేసి, "టీచరమ్మా, నువ్వు పొద్దుగాల వచ్చి గంట కొట్టు. పిల్లల సంగతి నాకిడిసిపెట్టు" అన్నాడు. వద్దన్నాను. యాప్ సంగతి చెప్పాను. "గవన్నీ నేను చూస్కుంట" అని పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున బడికి పోయి గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. నాలుగు గదులూ నిండి ఉన్నాయి. పండక్కి దిగిన మనవళ్ళు, మనవరాళ్ళు. పట్టు లంగాలు, మెరిసే బూట్లు, ఒకడి చేతికి పాటలు పాడే గడియారం. నేను వచ్చిన కొత్తలో తప్ప ఆ బడిని అంత నిండుగా చూడలేదు. కొత్త సున్నం వాసన. ఎవరో గుమ్మానికి వేపమండలు కట్టారు. నా పిల్లలు నలుగురు, ఊరికి పోని నలుగురు, ఆ మెరుపుల్లో వెనక బెంచీలో ఒదిగి కూర్చున్నారు. వాళ్ళ బెంచీలే వాళ్ళకి కొత్తగా ఉన్నాయి. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం నాకు సంతోషమేసింది.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. చెమటలు కక్కుతూ, మూడు బడులు తిరిగి వచ్చాడు. గదిలోకి చూసి అక్కడే ఆగిపోయాడు.

"వీళ్ళంతా ఎవరు మేడం?"

నేను చెప్పేలోపే పాలాయన అందుకున్నాడు. "మా బడి పిల్లలే సార్."

ఆఫీసరు గడియారం పిల్లవాణ్ణి ఏ క్లాసని అడిగాడు. "థర్డ్ సి, అంకుల్" అన్నాడు వాడు, లేచి నిలబడి చక్కగా. "మాది కూకట్‌పల్లి. తాతవాళ్ళింటికి బోనాలకొచ్చినం."

పాలాయన తల దించుకున్నాడు. ఆఫీసరు నవ్వలేదు, కోప్పడలేదు. "యాప్ తియ్యండి మేడం" అన్నాడు మెల్లగా. తీశాను. నా నలుగురి ముఖాలకీ ఫోన్ టిక్కు పెట్టింది. ఐదో ముఖం కోసం చూస్తే పిల్ల లేదు. వరండాలో గోనెసంచులున్నాయి, తమ్ముడు వాటి మీద నిద్రపోతున్నాడు. రోజంతా హాజరే అన్న పిల్ల కనిపించలేదు.

"చాయ్ వస్తుంది సార్, కూర్చోండి" అని పాలాయన అంటుండగా గేటు చప్పుడయింది. పిల్ల వచ్చింది. రెండు చేతులా పళ్ళెం, పళ్ళెంలో ఆరు చాయ్ కప్పులు, బిస్కెట్లు. పొద్దుటి నుంచీ పాలాయన ఇంట్లో గిన్నెల దగ్గరుంది. ఇంటామె ఆఫీసరుకి చాయ్ ఇచ్చి రమ్మని పంపింది. ఆమెకి కూడా ఆ పిల్ల బడి పిల్లన్న సంగతి ఆ క్షణంలో గుర్తు లేదు. లంగా మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"సార్, ఈమె నా పిల్ల. నాలుగో తరగతి" అన్నాను. పళ్ళెం నేను అందుకున్నాను. పిల్ల తడి చేతులు లంగాకి తుడుచుకుని, జుట్టు వెనక్కి తోసుకుని, గోడకానుకుని నిటారుగా నిలబడింది. ఫోన్ చూపించాను. టిక్కు పడింది.

"ఐదు" అన్నాడు ఆఫీసరు. చాయ్ ముట్టుకోలేదు. పోతూ పోతూ నాతో, "మేడం, మీ బాధ నాకర్థమైతది. నా చేతులేం లేదు, ఉన్నదే రాస్త" అన్నాడు. తప్పేముంది? ఉన్నదే రాశాడు.

బోనాలు బ్రహ్మాండంగా జరిగాయి. ఊరేగింపు రోజు మా బడి ఆవరణలోనే గల్లీ మొత్తానికీ వంటలు. అమ్మవారి ముందు పాలాయన చేతులెత్తి, మా బడిని కాపాడు తల్లీ అని గట్టిగానే మొక్కుకున్నాడట. ఆయన ఊరికే ఉండలేదు, పాపం. తరవాత పదిమందిని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అక్కడ ఒకరు ఒక్కటే ప్రశ్న అడిగారట, మీ ఇంటి పిల్లలెవరన్నా ఆ బడిలో చదువుతున్నారా అని. ఆయన మళ్ళీ ఆ ఆఫీసు గడప తొక్కలేదు.

ఊళ్ళకి పోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఇరవై ఇద్దరూ వచ్చారు. నెల తిరక్కుండా, వాళ్ళంతా బెంచీల్లో కూర్చుని ఉండగానే బడి మూసేశారు.

మమ్మల్ని కలిపిన బడి మెయిన్ రోడ్డు అవతల. యాప్‌లోనూ ఇక మా బడి ఆవరణ అంటే అదే. పెద్ద బడే, మంచి బడే. పాత మనుషులుంటే చాలు కదా అనుకున్నాను. ఖాలాకి అక్కడ పని లేదన్నారు, వంటకి వేరేవాళ్ళున్నారట. ఇరవై రెండు మందిలో సగం మంది వచ్చారు. మిగతావాళ్ళు పనుల్లోకో, ఇంకో పేటకో, ఎటో. నాలుగో తరగతి పిల్లని మాత్రం నేనే వదల్లేదు. పొద్దున్నే గల్లీకి పోయి, దాని చేయి పట్టుకుని, తమ్ముణ్ణి నేనెత్తుకుని, బస్సుల మధ్య రోడ్డు దాటేదాన్ని. కొన్నాళ్ళు నడిచింది. అక్కడి పెద్దసారు మొదట చూసీ చూడనట్టున్నాడు. తమ్ముడు ఒకరోజు హాజరు టైములో ఏడుపు మొదలెట్టాడు, ఇంకోరోజు క్లాసులో నిక్కరు తడిపాడు. "మేడం, ఇది అంగన్‌వాడీ కాదు. ఒకర్ని కూర్చోబెడితే పదిమంది తెస్తారు" అన్నాడు పెద్దసారు. నిజానికి ఆయన మాటలోనూ తప్పు పట్టడానికేం లేదు. నాకు వీళ్ళందరూ ఒకళ్ళైనా తప్పు చేసి ఉంటే బాగుండుననిపించేది.

పిల్ల తల్లితో మాట్లాడాను. పాలాయన ఇంటి కుళాయి దగ్గర నిలబడి, గిన్నె దించకుండానే చెప్పింది.

"బడి మా గోడ పక్కనున్నన్ని రోజులు పంపిన టీచరమ్మా. ఏడిస్తే నాకినొస్తుండె. ఇప్పుడు పిల్లగాన్ని ఎవరు పట్టుకోవాలె? నేను నాలుగిండ్లు ఇడిస్తే తినేదేంది?"

"ఇంకొన్ని నెలలే. పరీక్ష రాస్తే హాస్టల్‌కి పోతది. నీకే ఫికర్ ఉండదు."

"అప్పుడు వీన్నెవరు సూస్తరు?" అంది.

పిల్ల రావడం మానేసింది. వరసగా రాని పిల్లల్ని యాప్ పక్కకి పెట్టేస్తుంది, బడిలో చదువుతున్నట్టు లేకపోతే గురుకులం పరీక్ష లేదు. అందుకని ఎలాగైనా వారానికి ఒక్కరోజైనా తీసుకుపోవాలని ఒక శనివారం మళ్ళీ గల్లీకి పోయాను. మా పాత బడి గేటు తెరిచే ఉంది. తాళం పాలాయన దగ్గరే ఉంటుంది. షామియానా, కుర్చీలు, బిర్యానీ వాసన. పాలాయన మనవడి పుట్టువెంట్రుకల విందు. "టీచరమ్మా, తినకుంట పోతె నా మీద ఒట్టే" అని ఆయన కుర్చీ లాగాడు. కూర్చోలేదు.

పిల్ల వెనక కుళాయి దగ్గరుంది. నేను పిల్లలకి చేతులు కడుక్కోమని నేర్పిన కుళాయే. తనకంటే పెద్దది, బిర్యానీ వండిన గుండీ ఒకటి పక్కకి వొంచి, లోపలికి తలపెట్టి తోముతోంది. తమ్ముడు మూడో తరగతి గది గడప మీద కూర్చుని ఎముక చీకుతున్నాడు. నన్ను చూసి లేచింది. చదువు సంగతి నేనెత్తలేదు. పిల్లే అడిగింది.

"టీచర్, ఫోన్ల నా మొఖం ఉన్నదా ఇంక?"

"ఉంది బిడ్డా."

"చూపియ్యరాదుండ్రి."

వద్దనుకుంటూనే ఫోన్ తీశాను. అది చేతులు లంగాకి తుడుచుకుంది, జుట్టు వెనక్కి తోసుకుంది, గోడకానుకుని నిటారుగా నిలబడింది. సున్నం ఇంకా తెల్లగానే ఉంది. ఫోన్ గిర్రున తిరిగి దాని ముఖం పట్టుకుంది. పేరు వచ్చింది, నాలుగో తరగతి అని వచ్చింది. పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. టిక్కు మాత్రం పడలేదు. దాని బదులు కింద ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. నేను ఫోన్ వెనక్కి తీసుకోబోయేలోపే చదవడం మొదలుపెట్టింది, నూనె డబ్బా చదివినట్టే, కూడబలుక్కోకుండా, గట్టిగా.

"విద్యార్థిని పాఠశాల ఆవరణలో లేరు."

చదివి, ఒకసారి చుట్టూ చూసింది. నాలుగు గదుల వంక, వరండా వంక, కుళాయి వంక.

"ఇది బడే గద టీచర్?"

ఫోన్ ఆపి సంచిలో వేసుకున్నాను. ఇన్నేళ్ళలో ఏ పిల్ల ఏమడిగినా ఏదో ఒకటి చెప్పినదాన్ని. అవతల నుంచి ఎవరో గిన్నెలకోసం కేకేశారు. పిల్ల గుండీ వైపు తిరిగి, మళ్ళీ ఆగింది.

"మంచిగ చదివిన్నా?"

"మంచిగ చదివినవ్ బిడ్డా" అన్నాను.

అది తల ఊపి, మళ్ళీ గుండీలోకి వంగింది.